తెరమీద తాబేళ్ళు, తరగతిలో ప్రశ్నలు

రోడ్డుమీద ఏ ప్రమాదమూ జరగకపోయినా, ఏ అడ్డంకీ లేకపోయినా వాహనాలు ఎందుకు బారులు తీరి ఆగిపోతాయి? కారు నడపడం నేర్చుకుంటున్న ఇద్దరు హైస్కూలు విద్యార్థులకు ఈ సందేహం కలిగింది. 1990 దశకం మొదట్లో, అమెరికాలోని బోస్టన్ నగర పరిసరాలలో జరిగిన సంగతి ఇది. ఆ విద్యార్థులకు ఒక కొత్తరకం కంప్యూటరు సాధనం అందుబాటులోకి వచ్చింది. ఎం.ఐ.టి.గా ప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మిచెల్ రెస్నిక్ రూపొందించిన ఆ సాధనం పేరు స్టార్‌లోగో. దాని సహాయంతో వారు తెరమీద ఒక రోడ్డు గీశారు. రోడ్డుమీద కొన్ని కార్లను నిలిపారు. ప్రతి కారుకూ ఇచ్చిన ఆజ్ఞలు బహు స్వల్పం. ముందు దగ్గరలో మరొక కారు కనిపిస్తే వేగం తగ్గించాలి. కనిపించకపోతే, అనుమతించిన పరిమితి దాటకుండా, వేగం పెంచాలి. వీటికి తోడు రోడ్డు పక్కన ఒకచోట పోలీసుల రాడారును కూడా పెట్టారు. దానిని చూసిన కారు వేగం తగ్గించుకోవాలి.

కార్లు కదిలాయి. రాడారు దగ్గరకు వచ్చేసరికి గుంపు కట్టాయి. విద్యార్థులు ఊహించినది అదే. తరువాత రాడారును తీసివేసి చూశారు. ఇక అవరోధం లేదు గనుక కార్లు సాఫీగా సాగిపోవాలి. కాని సాగలేదు. రాడారు లేకపోయినా రద్దీ ఏర్పడింది. బయలుదేరినప్పటి వేగాలలో తేడా ఉండటమే కారణం కాబోలునని అన్ని కార్లకూ ఒకే వేగం ఇచ్చి చూశారు. అప్పటికీ గుంపులు తప్పలేదు. కార్ల మధ్య దూరాలు ఎక్కువ తక్కువలుగా ఉండటమే అసలు కారణమని చివరకు తేలింది. దూరాలన్నీ సమానం చేసినప్పుడు మాత్రమే రద్దీ మాయమయింది.

అంతకంటె వింత మరొకటి వారి కంటబడింది. కార్లన్నీ ముందుకు పోతున్నాయి. రద్దీ మాత్రం వెనుకకు జరుగుతున్నది. ఆలోచిస్తే ఇందులో మర్మం లేదు. గుంపులో మొదటనున్న కారు విడిపోయి ముందుకు వెళుతుంది. వెనుకనుంచి మరొక కారు వచ్చి చేరుతుంది. అందువల్ల గుంపు స్థానం వెనుకకు మారుతుంది. అయితే ఈ మాటను పుస్తకంలో చదవడం వేరు, తాము నిలిపిన కార్లు తమ కళ్ళ ఎదుట ఆ పని చేయడం చూడటం వేరు. రెస్నిక్ ఈ అనుభవాన్ని 1994లో వెలువడిన ‘టర్టిల్స్, టెర్మైట్స్ అండ్ ట్రాఫిక్ జామ్స్’ అనే గ్రంథంలో వివరించారు.

ఆ ఇద్దరు విద్యార్థులూ చేసిన పనిని నేడు ‘ఏజెంటు ఆధారిత నమూనా నిర్మాణం’ అంటున్నారు. ఇది ఇప్పుడు ఎన్నో దేశాల పాఠశాలలలో, విశ్వవిద్యాలయాలలో బోధనాంశం. దీనిని బోధించడం ఎలాగన్నది ఎంత ముఖ్యమో, దీనికోసం వాడే సాధనాన్ని తరగతి గదే ప్రశ్నించి సరిదిద్దుకోవడం కూడా అంత ముఖ్యమని ఇరవై, ముప్పై ఏళ్ళ అనుభవం చెబుతున్నది.

ఏజెంటు ఎవరు?

ఏజెంటు అనగానే మనకు బీమా ఏజెంటో, రైలు టిక్కెట్ల ఏజెంటో గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. తెరమీద తనంతట తాను కదిలే ప్రతి ప్రాణీ, ప్రతి వస్తువూ ఒక ఏజెంటే. అది గొర్రె కావచ్చు, చీమ కావచ్చు, కారు కావచ్చు, రోగి కావచ్చు. దానికి తన చుట్టుపక్కల కొద్దిపాటి మేర మాత్రమే కనిపిస్తుంది. కొద్దిపాటి నియమాలు మాత్రమే తెలుసు. మొత్తం దృశ్యం దానికి తెలియదు. అటువంటివి వందలు, వేలు ఒకేచోట చేరి తమ తమ నియమాలను పాటించినప్పుడు, ఏ ఒక్క నియమంలోనూ లేని ఒక పెద్ద ఆకృతి రూపుదాలుస్తుంది. రోడ్డుమీద రద్దీ అటువంటిది. పక్షుల బారు అటువంటిది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటరు నిపుణుడు తెరమీద పక్షిగుంపును ఎగురవేసి చూపారు. పక్కవానిని ఢీకొనకుండా ఉండటం, పక్కవారు పోతున్న దిక్కుకు తిరగడం, గుంపుకు దూరం కాకుండా ఉండటం – ఈ మూడు నియమాలే ఆయన ఆ పక్షులకు నేర్పారు. గుంపుకు నాయకుడు లేడు.

ఈ ఏజెంట్లకు ‘తాబేళ్ళు’ అనే ముద్దుపేరు ఉన్నది. దాని వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు వెలుతురును వెదుక్కుంటూ నేలమీద పాకే చిన్న యంత్రాలను తయారుచేసి, వాటిని తాబేళ్ళు అన్నారు. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్జీగ్, సింథియా సాలమన్ పిల్లలకోసం ‘లోగో’ అనే కంప్యూటరు భాషను రూపొందించారు. కొద్దికాలానికి పిల్లల ఆజ్ఞలను పాటిస్తూ గీతలు గీసే తాబేలు లోగోలోకి ప్రవేశించింది. మొదట అది నేలమీద తిరిగే యంత్రం. తరువాత తెరమీద కదిలే బొమ్మ. దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో మనస్తత్వవేత్త జీన్ పియాజే వద్ద పనిచేసిన పాపర్ట్ దృష్టిలో పిల్లవాడు చేసిన తప్పు శిక్షించదగిన నేరం కాదు. విప్పి చూసి సరిచేసుకోదగిన చిక్కుముడి.

పాపర్ట్ కృషికి ఒక తెలుగువాని సాహచర్యం కూడా ఉన్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి 1980 దశకం ఆరంభంలో ప్యారిస్‌లోని ప్రపంచ కంప్యూటరు కేంద్రంలో పాపర్ట్‌తో పాటు పనిచేశారు. వర్ధమాన దేశాల పిల్లలకు కంప్యూటరును అందించాలన్నది ఆ కేంద్రం ఆశయాలలో ఒకటి. ఆ సేవకుగాను ఫ్రెంచి ప్రభుత్వం 1984లో రాజ్ రెడ్డిని లీజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించింది.

లోగోలో తాబేలు సాధారణంగా ఒంటరిది. స్టార్‌లోగోలో తాబేళ్ళు వేలయ్యాయి. ఆ మార్గంలోనే యూరీ విలెన్‌స్కీ 1999లో ‘నెట్‌లోగో’ను వెలువరించారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన పరిశోధనా కేంద్రం నేటికీ దానిని పోషిస్తున్నది. అది ఉచితంగా లభిస్తుంది. దాని లోపలి మూలపాఠాన్ని కూడా ఎవరైనా చదవవచ్చు. దానితోపాటు వందలాది సిద్ధనమూనాల భాండాగారం వస్తుంది.

తోడేళ్ళు, గొర్రెలు, గడ్డి

ఆ భాండాగారంలో ఉపాధ్యాయులకు బాగా పరిచితమైనది తోడేళ్ళ, గొర్రెల నమూనా. జంతువుల సంఖ్యల హెచ్చుతగ్గులను గణితంలో చెప్పే పద్ధతి కొత్తది కాదు. 1920 దశకంలోనే ఆల్ఫ్రెడ్ లోట్కా, వీటో వోల్టెర్రా వేరువేరుగా దీనికి సమీకరణాలు కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో చేపలవేట తగ్గినప్పుడు ఆడ్రియాటిక్ సముద్రంలో ఇతర చేపలను తిని బ్రతికే చేపల పాలు ఎందుకు పెరిగిందన్న ప్రశ్న వోల్టెర్రాను ఈ సమస్యవైపు మళ్ళించింది. కాని ఆ సమీకరణాలు అర్థం కావాలంటే కలన గణితం తెలియాలి. పైగా సమీకరణంలో గొర్రె ఒక భిన్నసంఖ్య కూడా కావచ్చు. పదో వంతు తోడేలు మిగిలినా, ఆ పదో వంతే మళ్ళీ సంతానాన్ని పెంచుకొని మందగా మారగలదు. అడవిలో పదో వంతు తోడేలు ఉండదు.

నెట్‌లోగోలో గొర్రె అంటే గొర్రే. అది ఒక అడుగు వేస్తుంది. అడుగుకు కొంత శక్తి ఖర్చవుతుంది. మేత దొరికితే శక్తి పెరుగుతుంది. శక్తి అడుగంటితే చస్తుంది. అప్పుడప్పుడు పిల్లను పెడుతుంది. తోడేలుకూ ఇవే నియమాలు. దాని మేత గొర్రె. ఏడవ తరగతి పిల్లవాడికి సైతం ఇవి బోధపడతాయి.

ఈ నమూనాను రెండు విధాలుగా నడపవచ్చు. మొదటి విధంలో గడ్డి ఎన్నటికీ తరగదు. గొర్రెలకు ఆకలి లేదు. అప్పుడు మంద నిలకడగా ఉండదు. తోడేళ్ళు గొర్రెలన్నిటినీ తిని తామూ మాడి చస్తాయి. లేదా తోడేళ్ళు ముందే అంతరించి గొర్రెలు మేరలేకుండా పెరిగిపోతాయి. రెండవ విధంలో గొర్రె మేసినచోట గడ్డి తిరిగి మొలవడానికి వ్యవధి పడుతుంది. గొర్రెల బ్రతుకు కష్టమయింది. దానితో మంద నశిస్తుందని సామాన్యంగా ఎవరికైనా తోస్తుంది. కాని చాలాసార్లు జరిగేది దానికి విరుద్ధం. గడ్డి, గొర్రెలు, తోడేళ్ళు మూడూ పెరుగుతూ తరుగుతూ చిరకాలం నిలుస్తాయి. గొర్రెకు పెట్టిన హద్దు తోడేలును కూడా కాపాడింది.

కార్చిచ్చు నమూనా మరొక పాఠం నేర్పుతుంది. తెరను గడులుగా విభజించి, కొన్ని గడులలో చెట్లు నాటి, ఒక అంచున నిప్పుపెడతారు. మండుతున్న చెట్టునుంచి నాలుగు దిక్కుల పొరుగు చెట్లకు మాత్రమే నిప్పు అంటుకుంటుంది. నూటికి 50 గడులలో చెట్లుంటే సగం అడవి కాలుతుందని, 60 గడులలో ఉంటే అంతకంటె కొంచెం ఎక్కువ కాలుతుందని విద్యార్థులు త్రైరాశికం వేసుకుంటారు. కాని 50 వద్ద నిప్పు కొంతదూరం పోయి చల్లారిపోతుంది. 57 వద్ద కూడా అవతలి అంచుకు చేరడం అరుదు. 62 వద్ద దాదాపు అడవి అంతా బూడిద అవుతుంది. 59 ప్రాంతంలో ఒక గడప ఉన్నది. దానిని దాటితే కథ మారిపోతుంది. మార్పు ఎల్లప్పుడూ సమపాళ్ళలో రాదన్న సత్యాన్ని ఇంత సులభంగా చూపే సాధనం నల్లబల్లమీద దొరకదు.

బోధనలో క్రమం

అయితే ఇంత ఆకర్షణీయమైన బొమ్మలలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. విద్యార్థి మీట నొక్కుతాడు. తెరమీద రంగులు కదులుతాయి. ముచ్చటపడి మరొకసారి నొక్కుతాడు. గంట కొడతారు. అతడు సినిమా చూశాడు, పాఠం నేర్చుకోలేదు.

ఈ ప్రమాదాన్ని తప్పించడానికి అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఒక క్రమాన్ని పాటిస్తారు. మీట నొక్కకముందే ఏమి జరుగుతుందో ఊహించి నోటుపుస్తకంలో వ్రాయించడం మొదటి మెట్టు. వ్రాసిన ఊహ తప్పినప్పుడే ఆశ్చర్యం కలుగుతుంది. నోటితో అన్న ఊహను మనసు చప్పున మార్చేసుకుంటుంది. ఒకే నమూనాను పలుమార్లు నడిపించడం రెండవ మెట్టు. ఈ నమూనాలలో యాదృచ్ఛికతకు చోటుండటంచేత ఏ రెండు పరుగులూ ఒకేలా ఉండవు. తరగతిలో ముప్పైమంది ఉంటే ముప్పై ఫలితాలు బల్లమీద వ్రాయవచ్చు. ఒక్క పరుగును చూసి తీర్పు చెప్పరాదని అప్పుడు వారికే తెలుస్తుంది. ఒకసారికి ఒక్క నియమాన్నే మార్చడం మూడవ మెట్టు. నమూనా లోపలికి వెళ్ళి నియమాలు చదివి, వాటిని మార్చి వ్రాయడం నాలుగవది. ఈ నాలుగవ మెట్టు ఎక్కనంతవరకు విద్యార్థి ప్రేక్షకుడే.

పిల్లలే స్వయంగా ఏజెంట్లు కాగల ఏర్పాటు కూడా నెట్‌లోగోలో ఉన్నది. ‘గ్రిడ్‌లాక్’ అనే అభ్యాసంలో ఒక్కొక్క విద్యార్థి చేతిలో ఒక్కొక్క కూడలి దీపం ఉంటుంది. ఎవరి కూడలిలో వారు వాహనాలను త్వరగా పంపించాలని చూస్తారు. నగరం మొత్తం మీద వాహనాలు స్తంభిస్తాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకొని పద్ధతి ఏర్పరచుకుంటే తప్ప దారి తెరుచుకోదు.

ఈ బోధన ఎదుర్కొనవలసిన పెద్ద అవరోధం కంప్యూటరులో లేదు, మనసులో ఉన్నది. క్రమం కనిపించినచోటల్లా దానిని శాసించేవాడు ఒకడుంటాడని అనుకోవడం మనుషుల అలవాటు. పక్షుల బారుకు ముందున్నది నాయకపక్షి అనుకుంటారు. చీమల పుట్టలో రాణి ఆజ్ఞాపిస్తుందనుకుంటారు. నిజానికి ఆ రాణి పని గుడ్లు పెట్టడం. రాణి అన్న మాటే పిల్లవాడిని తప్పుదారి పట్టిస్తుంది. మేత దొరికిన చీమ దారిలో ఒక వాసన వదులుతుంది. ఆ వాసన వెంట మరొక చీమ పోతుంది. దానితో వాసన చిక్కనవుతుంది. మేత అయిపోతే వాసన ఆవిరై దారి చెరిగిపోతుంది. రెస్నిక్, విలెన్‌స్కీ ఈ మానసిక ధోరణిని ‘కేంద్రీకృత మనస్తత్వం’ అన్నారు. దానిని ఒక ఉపన్యాసంతో తొలగించడం సాధ్యం కాదు. నాయకుడు లేని గుంపును విద్యార్థి తన చేతులతో నిర్మించినప్పుడే అది సడలుతుంది.

సాధనానికి తరగతి పెట్టిన పరీక్ష

ఇంతవరకు సాధనం విద్యార్థిని పరీక్షించింది. విద్యార్థి సాధనాన్ని పరీక్షించే ఘట్టం ఇంతకంటె ఆసక్తికరమైనది.

వెయ్యి గొర్రెలు ‘ఒకేసారి’ మేస్తాయని అంటాము. కాని యంత్రం ఒక గొర్రె తరువాత మరొక గొర్రెను నడిపిస్తుంది. మరి ఎవరు ముందు? 2006కు ముందు నెట్‌లోగోలో ఈ వరుస ఎప్పుడూ ఒక్కటే. రేషను దుకాణం దగ్గర ప్రతిరోజూ ఒకే మనిషి ముందు నిలబడితే మిగిలినవారి గతి ఏమవుతుంది? గడ్డి తక్కువగా ఉన్నప్పుడు ముందున్న గొర్రె బలుస్తుంది, వెనుకది చస్తుంది. విద్యార్థి వ్రాసిన నియమాలలో ఎక్కడా ఈ పక్షపాతం లేదు. అది సాధనం లోపల దాగి ఉన్నది. 2006లో వచ్చిన 3.1వ రూపంనుంచి వరుస ప్రతిసారీ చీట్లు తీసినట్లుగా మారుతున్నది.

రెండవ చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పాత రూపాలలో ఒక ఏజెంటు తన పని ముగించకముందే మరొక ఏజెంటు మధ్యలో ప్రవేశించేది. అందరూ ఏకకాలంలో పనిచేస్తున్న భ్రాంతి కలిగించడానికి చేసిన ఏర్పాటు అది. ఒక గొర్రె గడ్డి ఉన్నదని చూసి అడుగువేసేలోగా మరొక గొర్రె దానిని మేసివేయవచ్చు. తాను వ్రాసిన వాక్యాలు సక్రమంగా ఉండి కూడా ఫలితం ఎందుకు తారుమారయిందో విద్యార్థికి అంతుబట్టదు. వాడుకదారుల అనుభవంలో ఇది ఉపకారంకంటె తికమకనే ఎక్కువగా కలిగిస్తున్నదని తేలింది. 2007లో వచ్చిన 4.0వ రూపంలో ఈ పద్ధతి మారింది. ఒక ఏజెంటు పని పూర్తిచేసిన తరువాతనే మరొకదాని వంతు వస్తుంది. పాత పద్ధతి కావాలనుకున్నవారికి దానిని వేరే పేరుతో నిలిపి ఉంచారు. కాలం లెక్క కూడా అంతే. అంతకుముందు గడియారాన్ని ఎవరికి వారు వ్రాసుకోవలసి వచ్చేది. ఆ రూపంనుంచి అది సాధనంలోనే అంతర్భాగమయింది.

మూడవది ప్రపంచపు అంచుల సంగతి. తెర కుడి అంచు దాటిన గొర్రె ఎడమ అంచున ప్రత్యక్షమవుతుంది. రచయిత సౌకర్యంకోసం ఇలా అంచులను కలిపివేశారు. అడవిని గురించిన పాఠంలో ఇది చెల్లుతుందేమో. కంచె వేసిన బీడును గురించిన పాఠంలో చెల్లదు. 3.1వ రూపంనుంచి అంచులు కలపాలా, గోడలు కట్టాలా అన్నది నమూనా వ్రాసేవారి ఇష్టానికి వదిలారు.

పైకి ఇవి చిన్న మరమ్మతులు. కాని ప్రతి ఒక్కదాని వెనుక ‘ఇలా ఎందుకు జరిగింది?’ అన్న ప్రశ్న ఉన్నది. తనకు అర్థం కాలేదని సిగ్గుపడి ఊరుకున్నచోట సాధనం మారదు. సూచన చేయడం కూడా ఒక విద్యే. ‘నమూనా పనిచేయడం లేదు’ అన్నది ఫిర్యాదు. ఏ నియమం వ్రాశాము, ఏమి జరుగుతుందనుకున్నాము, ఏమి జరిగింది, ఏ బీజసంఖ్యతో నడిపాము అన్న నాలుగు సంగతులు చెబితే అది సూచన. కంప్యూటరు వాడే యాదృచ్ఛిక సంఖ్యలు ఒక బీజసంఖ్యనుంచి పుడతాయి. అదే నమూనాకు అదే బీజాన్ని ఇస్తే అదే పరుగు తిరిగి వస్తుంది. తాను చూసిన వింతను ఇతరులకు కూడా చూపగలగడమే శాస్త్రీయ సాక్ష్యం. ఈ అలవాటు అబ్బిన విద్యార్థి ఏ ప్రయోగశాలలోనైనా పనికివస్తాడు.

నమూనాకు వెలుపల ఉన్నది

సాధనాన్ని ప్రశ్నించడంతో పని ముగియదు. నమూనానే ప్రశ్నించాలి. ఇందుకు థామస్ షెల్లింగ్ నమూనా చక్కని నిదర్శనం. ఆయన ఈ విషయం మీద 1971లో ప్రకటించిన వ్యాసం సుప్రసిద్ధం. గళ్ళ బల్లమీద రెండు రకాల నాణేలను పేర్చి, ఆయన చేతితోనే ఈ ప్రయోగం చేశారు. ఆర్థికశాస్త్రంలో 2005 నోబెల్ పురస్కారాన్ని రాబర్ట్ ఆమన్‌తో కలసి పొందిన షెల్లింగ్ అడిగిన ప్రశ్న ఇది: ఇరుగుపొరుగులో తనవంటివారు కనీసం కొందరుంటే చాలుననుకునే మనుషుల ఊరు చివరకు ఎలా ఉంటుంది? నెట్‌లోగోలోని నమూనాలో ప్రతి ఒక్కరూ నూటికి 30 మంది తనవంటివారుంటే తృప్తిపడతారు. అయినా కదలికలన్నీ ముగిసేసరికి సగటున నూటికి 70 మంది పొరుగువారు ఒకే రంగువారై ఉంటారు. ఎవరూ కోరని వేర్పాటు ఏర్పడింది.

ఈ ఫలితాన్ని చూసిన విద్యార్థి, నగరాలలో పేటలు వేరుపడటానికి ఇదే కారణమని నిర్ణయిస్తే అది పెద్ద పొరపాటు. అమెరికా నగరాలలో నల్లజాతివారిని వేరుపరచడంలో గృహరుణాల నిరాకరణకు, ఆస్తి దస్తావేజులలోని ఆంక్షలకు, ప్రభుత్వ విధానాలకు పెద్ద పాత్ర ఉన్నది. మన గ్రామాలలో వాడలు విడివిడిగా ఉండటం పొరుగువారిపై స్వల్పమైన ఇష్టంవల్ల కలిగినది కాదు. దాని వెనుక శతాబ్దాల కులవ్యవస్థ ఉన్నది. షెల్లింగ్ నమూనాలో చట్టం లేదు, బ్యాంకు లేదు, కులం లేదు, బలప్రయోగం లేదు. స్వల్పమైన ఇష్టం ఒక్కటే ఉన్నా వేర్పాటు రాగలదని అది నిరూపిస్తుంది. వేర్పాటు దానివల్లనే వచ్చిందని నిరూపించదు. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను గ్రహింపజేయడమే ఈ పాఠానికి ప్రాణం.

నమూనా చెప్పిన మాటను లోకంలో సరిచూడటం సాధ్యమైన సందర్భాలూ ఉన్నాయి. రద్దీకి అడ్డంకి అవసరం లేదని బోస్టన్ విద్యార్థులు తెరమీద చూశారు. 2008లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగంలో 230 మీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు బాటమీద 22 నిజమైన కార్లను నడిపించారు. గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సమానంగా సాగమన్నారు. కొద్దిసేపటికే ఏ కారణమూ లేకుండా రద్దీ పుట్టి వెనుకకు పాకింది.

పౌరునికి దీనితో పనేమి?

2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం ఇంటింటికీ అందింది. పాఠశాలలు మూయాలా, రైళ్ళు ఆపాలా అన్న నిర్ణయాలకు ముందు వివిధ దేశాల ప్రభుత్వాలు నమూనాల ఫలితాలను పరిశీలించాయి. మన దేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ, ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలకు చెందిన శాస్త్రజ్ఞులు ఆ రెండు నగరాలకు ఏజెంటు ఆధారిత నమూనాలను నిర్మించారు. అందులో ప్రతి ఏజెంటూ ఒక నగరవాసి. అతనికి ఇల్లున్నది, కార్యాలయమో బడియో ఉన్నది, ప్రయాణమున్నది. ఏ ఆంక్ష విధిస్తే వ్యాధి ఎంతగా తగ్గుతుందో ఆ నమూనాలు అంచనావేశాయి.

అటువంటి అంచనాలు పత్రికలలో ఒక గీతగానో, ఒక పెద్ద అంకెగానో వస్తాయి. ఆ గీత వెనుక ఏ నియమాలున్నాయి, ఎన్ని పరుగులున్నాయి, ఏది వదిలివేశారు అని అడగగల పౌరుడు దానిని గుడ్డిగా నమ్మడు; గుడ్డిగా కొట్టివేయడు కూడా. తరగతిలో గొర్రెల మందను ముప్పైసార్లు నడిపి చూసిన విద్యార్థి పెద్దవాడై ఆ ప్రశ్న అడగగలడు.

చేయవలసిన మార్పులు

ఈ సాధనాలలో చేయదగిన మార్పులు ఇంకా ఉన్నాయి. ఒక గొర్రె చచ్చినప్పుడు ‘ఎందుకు చచ్చింది?’ అని పిల్లవాడు అడుగుతాడు. పరుగును నెమ్మది చేసి, ఒక్క ఏజెంటును వెంబడించి చూసే వీలు నేడు ఉన్నది. ఆ గొర్రె గడచిన అడుగులను వెనుకకు తిప్పి చూపే సౌకర్యం మరింత సులభం కావాలి. ఒకే నమూనాను వందసార్లు నడిపి ఫలితాలను పట్టికగా ఇచ్చే ఏర్పాటు నెట్‌లోగోలో ఉన్నది. కాని అది నేర్చినవారికి మాత్రమే అందే మూలలో ఉన్నది. కొత్తవారికి మొదటి మీటలోనే ఒక్క పరుగుకు బదులు పది పరుగులు కనిపించడం మేలు. సిద్ధనమూనాలతోపాటు వాటి వివరణలూ, ప్రయత్నించదగిన మార్పులూ వ్రాసి ఉంచుతారు. నమూనా ఏయే విషయాలను వదిలివేసిందో కూడా అక్కడే అంతే స్పష్టంగా వ్రాయడం అవసరం.

భాష సంగతి మరొకటి. నెట్‌లోగో ఆజ్ఞాపదాలు ఇంగ్లీషువి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడు ఒక ఆలోచనను, ఒక పరభాషను ఏకకాలంలో మోయవలసి వస్తుంది. సాధనం మారేవరకు ఉపాధ్యాయుడు చేయదగినది ఒకటి ఉన్నది. యంత్రం ముందు కూర్చోకముందే నియమాలన్నిటినీ తెలుగు వాక్యాలలో వ్రాయించాలి. ‘ముందు గడి ఖాళీగా ఉంటే జరుగు; లేకపోతే ఆగు’ అని తన భాషలో వ్రాయగలిగినవాడికి మిగిలినది అనువాదమే.

2020 జాతీయ విద్యావిధానం 6వ తరగతినుంచే కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాసే అభ్యాసాలు ఉండాలన్నది. అన్ని బడులకూ యంత్రాలు చేరేవరకు ఆగనక్కరలేదు. షెల్లింగ్ తన ప్రయోగాన్ని నాణేలతోనే చేశారు. నేలమీద సుద్దతో అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గడులు గీస్తే చాలు. ఇరవై చింతగింజలు, ఇరవై గవ్వలు తెచ్చి కలగాపులగంగా పేర్చి, మిగిలిన గడులు ఖాళీగా ఉంచాలి. చుట్టూ ఉన్నవాటిలో మూడోవంతైనా తనవంటివి లేని గింజను తీసి ఖాళీ గడిలో పెట్టాలి. ఎవరికీ కదిలే అవసరం లేనంతవరకు ఆట సాగించాలి.

ఆట ముగిసేసరికి గింజలు ఒకవైపు, గవ్వలు మరొకవైపు చేరడం మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒక పిల్ల తప్పక అడుగుతుంది: ‘ఏ గింజను ముందు కదపాలో ఎవరు నిర్ణయించారు?’ ఆ ప్రశ్నను ఉపాధ్యాయుడు తోసిపుచ్చకూడదు. నెట్‌లోగో నిర్మాతలు 2006లో సరిదిద్దినది సరిగ్గా దానినే.